ఏ ఆపరేషన్?

మా వాట్‌గంజ్ తెలుగు లైన్లో, ఈ ఓడరేవు కూలీల ఇళ్ళ వరసలో, ఏ ఆడమనిషికి కడుపునొప్పి వచ్చినా ముందు నన్ను పిలుస్తారు, ఆ తర్వాతే డాక్టరు దగ్గరికి బయలుదేరతారు. నేను మందులివ్వను, తాయెత్తులు కట్టను. నాకు బెంగాలీ వచ్చు, అంతే. మా అయ్య భీమిలి నుంచి ఓడరేవు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను ఇక్కడే పుట్టాను. కళ్ళు మూసుకుని వింటే నన్ను బెంగాలీ మనిషే అనుకుంటారని ఓసారి ఒక నర్సు అంది. ఆ మాట పట్టుకుని నేను ఎన్నేళ్ళు ఊరేగానో లైన్లో ఎవరినడిగినా చెబుతారు.

ఇప్పటికీ పిలుస్తారు గానీ, ఇప్పుడు విసుక్కుంటారు. జాయ్సక్క, అంటే నేను, ఒక్కో మాటను మూడుసార్లు అడుగుతోందని, చెప్పింది మళ్ళీ అప్పజెప్పమంటోందని గొణుగుతారు. గొణుక్కోనీ. ఎందుకు అడుగుతున్నానో చెబుతాను.

కారుణ్య నా కోడలు. మా అబ్బాయి జాబేజ్ ఓడరేవు డాకులో క్రేన్ నడుపుతాడు. వాడికి సోంపేట అవతల సముద్రం ఒడ్డు పల్లె నుంచి ఈ పిల్లను చేసుకున్నాం. అయిదో ఏట తల్లి పోయిన పిల్ల. కాపురానికి వచ్చిన మొదటి వారమే నన్ను "అమ్మా" అని పిలిచింది.

"అత్తా అనాలే, మొద్దూ" అని జాబేజ్ ఆటపట్టించాడు.

"నీకో అమ్మ ఉన్నాది గదా, నాకూ ఉంటే నీకేటి?" అంది.

నాకు ఆడపిల్లలు లేరు. ఆ రోజు వంటింట్లోకి వెళ్ళి, ఉల్లిపాయలు లేకుండానే ఏడ్చాను.

ఆమె తల్లి పేరు లోయిస్. కారుణ్యకు తల్లి ముఖం సరిగా గుర్తు లేదు, ఫొటో కూడా లేదు. గుర్తున్నదల్లా ఒక కేక. తండ్రి వేటకు వెళ్ళి తిరిగొచ్చేటప్పుడు, తెప్ప ఒడ్డుకు తగలకముందే పల్లెంతా వినబడేలా "లోయీసూ!" అని అరిచేవాడట.

"ఆ కేక ఇని మా అమ్మ సేతిలో సేట అలగే ఒగ్గీసి పరిగెట్టీదమ్మా" అని చెప్పేది కారుణ్య. "అమ్మ పోయాక మా అయ్య మరెవుర్నీ అలగ పిలవలేదు. నాకో ఆడపిల్ల పుడితే ఆ పేరే పెట్టుకుంటాను. రోజుకి పదిసార్లు పిలుసుకుంటాను."

మొదట జెఫ్రీ పుట్టాడు. తర్వాత విశాల్. ఇద్దరూ మగపిల్లలే. అయినా ఆ పిల్ల ఆశ వదులుకోలేదు. మా చర్చిలో ఒకామె తన కూతురికి లోయిస్ అని పెట్టుకుంటానంటే, "ఆ పేరు బుక్కయిపోనాది, మరోటి సూసుకో" అని ముఖం మీదే చెప్పింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోయిస్ ఇక రాదని అప్పటికే నాకు తెలుసు. కారుణ్యకే తెలియదు.

ఎలా తెలుసో కూడా చెప్పాలి. అది జరిగిన ఆసుపత్రి పేరు మాత్రం రాయను.

ఆరేళ్ళ కిందట, విశాల్ పుట్టిననాటి సంగతి. కారుణ్యకు ముందురోజు మధ్యాహ్నం నుంచి నొప్పులు. ఓడలో సరుకు దింపుతున్నారని జాబేజ్ డ్యూటీలో ఉన్నాడు. డాక్టరు వరండాలోకి వచ్చి, బిడ్డ అడ్డం తిరిగింది, కోసి తీయాలి అన్నాడు. సరేనన్నాను. లోపల కారుణ్యకు కూడా అదే చెప్పి ఉంటారనుకున్నాను. ఎవరూ చెప్పలేదు. కాసేపటికి భాష కోసం నన్ను లోపలికి పిలిచారు. డాక్టరు అప్పటికే చేతులకు తొడుగులు వేసుకున్నాడు. నావైపు చూడకుండానే అడిగాడు.

"దీంతో ఇద్దరు పిల్లలు. లైగేషన్ కోరే దేబో?"

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కూడా ఇప్పుడే చేసేయమంటారా అని. ఆ ఆపరేషన్ని ఇక్కడ లైగేషన్ అంటారు. మన తెలుగులో ఆ మాట ఎవరంటారు? మా అమ్మ కాలం నుంచీ దాన్ని ఒట్టి ఆపరేషన్ అనే అంటున్నాం. ఫలానా ఆమె ఇద్దరు పిల్లల తర్వాత ఆపరేషన్ చేయించుకుందంటే, ఏ ఆపరేషన్ అని ఎవరూ అడగరు. నేను కారుణ్య చెవి దగ్గరికి వంగాను.

"ఒలే, ఆపరేషన్ సేసీమంటావేటి అని అడుగుతున్నారు."

ఆమె నా మణికట్టు పట్టుకుంది. "సేసీమనమ్మా. బేగి సేసీమను. నాను ఓర్సుకోలేను."

"కోరే దిన్" అన్నాను డాక్టరుతో. చేసేయండి అని.

కాగితాలు తెచ్చారు. ఎక్కడ చూపిస్తే అక్కడ కారుణ్య మూడక్షరాలు వంకరటింకరగా గీసింది. సాక్షిగా కింద నేను సంతకం పెట్టాను. నాది గుండ్రటి చేతిరాత, సండే స్కూల్లో పిల్లలకు దిద్దబెట్టిన రాత.

సాయంత్రం జాబేజ్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. "మగపిల్లాడురా. ఆపరేషన్ అయిపోనాది" అన్నాను. వాడూ తలూపాడు. వాడికీ ఆ మాట కారుణ్యకు వినబడినట్టే వినబడింది.

విశాల్‌కు ఎనిమిదో నెల వచ్చేదాకా నాకూ అనుమానం రాలేదు. ఒకరోజు నేను చేపలు తోముతున్నాను. కారుణ్య వాడి కడుపు మీద గిలిగింతలు పెడుతూ, "నీ తరవాత లోయీసొస్తాది, అప్పుడు నీ పని పడతాది" అంటోంది.

"ఇంకేటి వచ్చీది? నీకు ఆపరేషన్ అయిపోనాది గదే" అన్నాను.

"ఆపరేషనైతే ఏటమ్మా? మా పెదనాన్న కూతురికి రెండుపాలి కోసి తీసినారు. ఇద్దరూ బాగున్నారు."

చేప నా చేతిలోంచి జారి నీళ్ళలో పడింది. ఆ నిమిషంలో నాకు మొత్తం అర్థమైంది. నేను అడిగింది ఒకటి, ఆమె విన్నది మరొకటి. ఇద్దరం తెలుగువాళ్ళం. ఆ రోజు మా ముఖాల మధ్య జానెడు దూరం కూడా లేదు.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఎందుకని అడిగితే సిగ్గు విడిచి చెబుతాను, ఆ పిల్ల నన్ను మళ్ళీ అమ్మా అని పిలవదేమోనని భయపడ్డాను. రేపు చెబుదాం, ఈస్టరు వెళ్ళాక చెబుదాం అనుకుంటూనే ఏళ్ళు గడిపేశాను. ఆమె నెలనెలా దిగులుపడితే "దేవుడికో సమయం ఉంటాది" అని ఓదార్చేదాన్ని. రోజూ సాయంత్రం ఆమె మోకాళ్ళ మీద నిలబడి ప్రార్థన చేస్తుంటే పక్కనే నేనూ మోకరించేదాన్ని. అది నటన అనుకుంటారేమో. కాదు. ఆ ఆపరేషన్లో ట్యూబులకు వేసే ముడులు ఒక్కోసారి ఊడిపోతాయని, ఆపరేషన్ అయినా పిల్లలు పుట్టినవాళ్ళున్నారని ఎవరో చెప్పగా విన్నాను. ప్రభువా, ఆ ముడి ఊడదియ్యి అని అడిగేదాన్ని. ఆ పిల్ల నాకూ కావాలి. లోయిస్ గడప దాటి వీధిలోకి పరుగెత్తితే వెనక నేను ఆయాసపడుతూ పరుగెత్తడం కళ్ళ ముందు కనబడేది.

ఈ ఏడాది వానలు మొదలయ్యాక ఒకరోజు కారుణ్య, "రేపు పెద్దాసుపత్రికి ఎల్దామమ్మా. ఆడోళ్ళ డాక్టరమ్మ మంచిదంట. పేరు కూడా రాయించీసినాను. నువ్వు మాటకి రావాల" అంది. ఇది వేరే ఆసుపత్రి. నడుం నొప్పన్నాను. ఆటోలో వెళదామంది. ఇక దారి లేకపోయింది.

డాక్టరమ్మకు ముప్పై అయిదేళ్ళుంటాయి. కారుణ్య ప్లాస్టిక్ కవరులోంచి విశాల్ పుట్టినప్పటి కాగితాలు తీసి ఇచ్చింది. జనన ధ్రువపత్రం కోసం ఒకసారి బయటికి తీసి, మళ్ళీ ట్రంకు పెట్టెలో పడేసిన కాగితాలు అవి. అందులోని కోడిగీతలు మా ఇంట్లో ఎవరూ చదవలేదు. డాక్టరమ్మ రెండో పేజీ దగ్గర ఆగింది. చదివింది. మళ్ళీ చదివింది. తర్వాత నన్ను పిన్నీ అన్నట్టు మాషీ అని పిలిచి, బెంగాలీలో నెమ్మదిగా అంది.

"మాషీ, ఈమెకు అప్పుడే లైగేషన్ చేశారు. ఇక మామూలుగా గర్భం రాదు. ఈ సంగతి ఈమెకు తెలియదా?"

కారుణ్య నా నోటివైపు చూస్తోంది. బెంగాలీ ఆమెకూ కొంచెం వచ్చు గానీ, అది చేపల బజారు బెంగాలీ. డాక్టర్ల మాట అందదు. నిజం చెప్పడానికే నోరు తెరిచాను. బయటికొచ్చింది వేరు.

"ఏటీ లేదంట. ఒంట్లో బలం తక్కువంట. మందులు రాస్తారంట. దేవుడి చిత్తమైతే అవుతాదంట."

కారుణ్య ముఖం విచ్చుకుంది. ఆ నవ్వే నన్ను పట్టించింది. డాక్టరమ్మ ఆ నవ్వు చూసి, నన్ను చూసి, కుర్చీ ముందుకు జరుపుకుని నేరుగా కారుణ్యనే అడిగింది.

"ఆమి కీ బోల్లామ్, బోలున్ తో?" నేనేం చెప్పానో మీరు చెప్పండి అని.

ఏ డాక్టరూ అలా అడగడం నేను చూడలేదు. ఇన్నేళ్ళలో నేను ఎంతమందికి మాట సాయం వెళ్ళానో, ఒక్కరంటే ఒక్కరు కూడా రోగి నోట అప్పజెప్పించుకోలేదు. కారుణ్య సిగ్గుపడుతూ, బజారు బెంగాలీని కూడబలుక్కుని చెప్పింది.

"ఓషుధ్ ఖాబో. మేయే హోబే."

మందు తింటాను. ఆడపిల్ల పుడుతుంది.

డాక్టరమ్మ కలానికి మూత పెట్టింది. "మాషీ, నేను అలా చెప్పలేదు. నేను చెప్పింది చెప్పినట్టు చెప్పండి. లేకపోతే మీరు బయట కూర్చోండి, వేరే మనిషిని పిలుస్తాను."

వేరే మనిషి చెప్పడం కంటే నేను చెప్పడమే మేలనిపించింది. ఆమె వైపు తిరిగాను.

"కారుణ్యా, విశాల్‌గాడు పుట్టిననాడు నిన్ను అడిగినాను గదా, ఆపరేషన్ సేసీమంటావేటి అని."

"అవును."

"అది బిడ్డని తీసీ ఆపరేషన్ గాదే."

"మరి ఏ ఆపరేషన్?"

"పిల్లలు పుట్టకుండా సేసీది. నీకు తెలుసనుకున్నాను. నువ్వు సేసీమన్నావనుకున్నాను. సేసీసినారు."

గోడ మీద తల్లీబిడ్డల బొమ్మ ఉంటే తల అటు తిప్పుకుంది. ఏడవలేదు. అటే చూస్తూ అడిగింది.

"నువ్వనుకున్నది తప్పని నీకెప్పుడు తెలిసినాది?"

"వాడికి ఎనిమిదో నెలప్పుడు."

"అయితే నాను రోజూ మోకాళ్ళేసినప్పుడు, నా పక్కన నువ్వూ ఉన్నావు."

అవునన్నాను.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే కొంచెం తేలికపడేదాన్ని. బల్ల మీద నొప్పులు పడుతున్న మనిషిని, మరొకరి నోటి ద్వారా, ఒక్క నిమిషంలో అడిగితే అది అడిగినట్టు కాదని, ఆ తప్పు మాషీ ఒక్కదానిదే కాదని, ఆ ఆసుపత్రి మీద ఫిర్యాదు రాసే హక్కు మీకుందని అంది. కోసిన ట్యూబుల్ని మళ్ళీ కలిపే ఆపరేషన్ ఉందట. అందరికీ ఫలించదట. ఈసారి నేను మాటకు మాట చెప్పాను. ఒక్కటీ మింగలేదు.

"ఈ రోజు ఏమీ చెప్పొద్దు" అంది డాక్టరమ్మ. "రెండు వారాలు ఆలోచించుకుని రండి. అప్పటికి మీ భాష వచ్చిన నర్సును ఉంచుతాను. ఇంటివాళ్ళు కాకుండా."

ఆ రెండు వారాలు ఎలా గడిచాయో నాకే తెలుసు. కారుణ్య నాతో మాట్లాడటం మానలేదు. వేళకు అన్నం పెట్టింది, కాళ్ళ నొప్పులకు నూనె వేడిచేసి ఇచ్చింది. కానీ మాటలో పిలుపు పోయింది. "అన్నం పెట్టీసినాను" అనేది, గోడకు చెప్పినట్టు. "నీల్లొచ్చినాయి" అనేది. ఆ మాట చివర ఒక్క "అమ్మా" వస్తుందేమోనని చెవులు రిక్కించుకుని కూర్చునేదాన్ని. వచ్చేది కాదు. ఇరవై ఏళ్ళకు పైగా తల్లి పేరు వినబడక ఆ పిల్ల ఎంత అల్లాడిందో నాకు అప్పుడు తెలిసొచ్చింది. జాబేజ్‌కు తనే చెప్పింది. వాడు రెండు రోజులు నా ముఖం చూడలేదు. మూడోరోజు డ్యూటీకి వెళుతూ, "ఆ మాట నాకూ అలగే ఇనిపించినాది గదమ్మా" అని, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఒక మధ్యాహ్నం జెఫ్రీ పాత నోటుబుక్కు బల్ల మీద తెరిచి ఉంది. అందులో కారుణ్య రాత. డాక్టరమ్మను అడగాల్సిన ప్రశ్నలు, బెంగాలీ మాటలు తెలుగు అక్షరాల్లో రాసుకుంది. కాటా అంటే కోత. జోడా అంటే కలపడం. మొదటి వరుసలో మాత్రం తెలుగే ఉంది. "ఆపరేషన్ అంటే ఏ ఆపరేషన్? ముందు ఇది అడగాలి." కింద రెండు గీతలు కొట్టుకుంది. పుస్తకం ఎలా ఉందో అలాగే వదిలి వచ్చేశాను.

రెండోసారి వెళ్ళినప్పుడు లక్ష్మీసౌజన్య అనే నర్సు ఎదురొచ్చింది. వరంగల్ పిల్ల. "నేను మీ ఇంటిమనిషిని కాదక్కా, డాక్టర్ చెప్పింది ఉన్నదున్నట్టు చెప్త. మీకు ఏం సమజైందో మళ్ళ మీరే చెప్పాలె" అంది కారుణ్యతో. ఇద్దరూ లోపలికి వెళ్ళారు. తలుపు మూసుకుంది.

నేను బెంచీ మీద కూర్చున్నాను. ముప్పై ఏళ్ళలో ఆసుపత్రి తలుపుకు అవతలివైపు నన్ను ఉంచింది అదే మొదటిసారి. లోపల కారుణ్య గొంతు వినబడుతోంది గానీ మాటలు తెలియడం లేదు. ఒకసారి నవ్వినట్టనిపించింది, ఏడ్చినట్టూ అనిపించింది. కలుపుతారేమో, లోయిస్ వస్తుందేమో అని నా పాడు మనసు అక్కడ కూర్చుని కూడా ఆశపడింది. అరగంట దాటింది. తలుపు తెరుచుకుంది. కారుణ్య గడప దగ్గర నిలబడి ఉంది.

"అమ్మా, రా."

నన్నేనా అని వెనక్కి తిరిగి చూశాను.

"రా అమ్మా. నువ్వేటీ మాటాడొద్దు. ఇను."

లోపలికి వెళ్ళి ఒక మూలన నిలబడ్డాను. డాక్టరమ్మ ఇంకోసారి అడిగింది, అంతా మీ మాటల్లో చెప్పమని. కారుణ్య తెలుగులోనే చెప్పింది. సౌజన్య పక్కన బెంగాలీలో చెబుతూ వచ్చింది.

"ఆ రోజు నా ట్యూబులు రెండుపక్కలా కోసి ముడేసినారు. ఇప్పుడు కలపొచ్చు. కలిపినా పిల్ల వస్తాదని నమ్మకం లేదు. ఒచ్చినా, కడుపులో గాకుండా ట్యూబులోనే నిలబడిపోతే పేనానికి ముప్పు. మల్లీ మత్తు, మల్లీ కోత. నాకు ఇద్దరు గుంటలున్నారు, ఆల్లకి నాను కావాల. అన్నీ ఇన్నాను. నాకు ఒద్దు."

"ఎవరైనా వద్దనమన్నారా?" అని డాక్టరమ్మ.

"లేదు. మా ఆయన నీ ఇష్టమన్నాడు. ఆ రోజు నన్ను అడిగుంటే ఒద్దందునో, సేసీమందునో నాకు తెల్దు. సేసీమందునేమో కూడాను. గానీ ఆ మాట నా నోటమ్మట రావాల గదా. ఈ రోజు ఒచ్చినాది."

అంతవరకూ గట్టిగానే చెప్పింది. తర్వాత బల్ల మీద తల వాల్చి ఏడ్చింది. సౌజన్య ఆమె వీపు మీద చెయ్యి వేసింది. నేను మాట్లాడలేదు. మాట్లాడొద్దంది కదా.

వద్దన్నదానికి కూడా కాగితం ఉంటుందట. సౌజన్య దాన్ని మొదటి నుంచి చివరిదాకా తెలుగులో చెప్పింది. కారుణ్య సంతకం పెట్టింది. ఈసారి మూడక్షరాలూ తిన్నగా వచ్చాయి. సాక్షి దగ్గర సౌజన్య పెట్టింది.

బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డాం. వాన వెలిసింది. ఖిదిర్‌పూర్ బస్సు ఎంతకీ రావడం లేదు. కారుణ్య నా చెయ్యి పట్టుకోలేదు, దూరంగానూ జరగలేదు.

"నాను నిన్ను మన్నించినానని అనుకోకు" అంది. "అది ఎప్పుడొస్తాదో నాకు తెల్దు."

"సరే."

బస్సు వచ్చే వైపు ఓసారి చూసి, "అమ్మా, ఒక్కసారి పిలు" అంది.

"ఏటి?"

"ఆ పేరు. మా అయ్య పిలిసినట్టు. నాకు పిలవడానికి గొంతు రావట్లేదు."

చుట్టూ జనం. అరవై రెండేళ్ళదాన్ని, నడిరోడ్డు మీద. సిగ్గేసింది. అయినా ఊపిరి పీల్చుకుని, తెప్ప మీద నిలబడి ఒడ్డుకు వినబడేలా ఎలా పిలుస్తారో అలా పిలిచాను.

"లోయీసూ!"

అరటిపళ్ళ బండివాడు తిరిగి చూశాడు. బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు ముగ్గురు, ఏ పిల్లో తప్పిపోయిందనుకుని రోడ్డు అవతలికి తొంగి చూశారు. కారుణ్య కూడా అటే చూసింది. చీర చెంగు పిడికిట్లో పట్టుకుని, మునివేళ్ళ మీద లేచి, చాలాసేపు చూసింది.

బస్సు వచ్చింది. ఎక్కాం.